ఎండుటాకుల్లో కరవు ఆనవాళ్లు

వర్షాలు ఎడతెరిపి లేకుండా కురిసే రోజుల్లో కోనసీమ కొబ్బరి రైతును మొవ్వుకుళ్లు భయం వెంటాడుతుంది. చెట్టు నడినెత్తిన ఉన్న లేత మొవ్వాకు మొదట వన్నె తగ్గి పసుపు బారుతుంది. కొద్దిరోజులకే వాలిపోతుంది. చేత్తో పట్టి లాగితే ఊడివస్తుంది. మొదలు కుళ్లి దుర్వాసన వేస్తుంది. కొబ్బరిచెట్టు ఎదుగుదల అంతా ఆ ఒక్క మొవ్వు నుంచే గనుక అది కుళ్లిపోతే చెట్టు చేజారినట్లే. ఈ తెగులుకు మూలమైన సూక్ష్మజీవిని శాస్త్రజ్ఞులు ఫైటోఫ్తొరా పాల్మివొరా అని పిలుస్తారు. దీనికి తొలిసారి శాస్త్రీయ నామం పెట్టింది 1907లో. అందుకు దారితీసిన పరిశీలనల్లో ప్రధానమైనవి మన గోదావరి డెల్టాలోని తాటిచెట్లపై జరిగినవే. ఈ సంగతి డెల్టా వాసుల్లో చాలామందికి తెలియదు.

ఈ జీవికి దగ్గరి బంధువు ఒకటుంది. పేరు ఫైటోఫ్తొరా ఇన్ఫెస్టాన్స్. 1845లో ఐర్లండ్ దేశంలో బంగాళాదుంప పైరును మాడ్చి మసి చేసి, దాదాపు 10 లక్షల మందిని ఆకలికి బలిచేసిన తెగులు అదే. మరో 10 లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం విడిచిపోయారు. కరవు తీరి నూటయాభై ఏళ్లు గడిచాక, ఆ తెగులు అసలు ఏ వంశానికి చెందినది, ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నలకు జవాబులు దొరకడం మొదలైంది. జవాబు చెప్పినవి నాటి ఎండుటాకులు. తెగులు పట్టిన ఆకును పనిగట్టుకుని ఎండబెట్టి దాచిన కొందరి పుణ్యమా అని ఈ కథ మనకు తెలిసింది.

పొట్లంలో భద్రంగా

మొక్కలను నొక్కి ఎండబెట్టి, కాగితాలకు అతికించి, వివరాలు రాసి భద్రపరిచే చోటును హెర్బేరియం అంటారు. వృక్షశాస్త్రం చదివిన విద్యార్థులకు ఇది కొత్తకాదు. డిగ్రీ కళాశాలల్లో రికార్డు మార్కుల కోసం మందార, ఉమ్మెత్త కొమ్మలను పాత వార్తాపత్రికల మధ్య పెట్టి, పైన బరువులెత్తినవారు ఎందరో ఉంటారు. తెగుళ్ల నమూనాలకు కూడా పద్ధతి అదే. తేడా ఒక్కటే. అక్కడ ఏపుగా పూసిన కొమ్మను ఏరుకుంటారు, ఇక్కడ మచ్చలు పడి మాడిన ఆకును ఏరుకుంటారు. ఆకుమీద బతికే శిలీంధ్రాన్ని విడిగా తీసి దాచడం సాధ్యం కాదు గనుక ఆశ్రయమిచ్చిన ఆకుతో సహా దాచవలసిందే.

తేమ పూర్తిగా పోయేదాకా కాగితాలు మారుస్తూ ఆకును ఆరబెడతారు. తర్వాత కాగితంతో మడిచిన చిన్న పొట్లంలో పెడతారు. కిరాణా కొట్టులో ఇంగువో, మిరియాలో కట్టి ఇచ్చే పొట్లం వంటిదే అది. పైన ఏ మొక్క, ఏ తెగులు, ఏ ఊరు, ఏ తేదీ, సేకరించినదెవరు అన్న 5 సంగతులు రాస్తారు. ఆకును పురుగు తినకుండా పూర్వం పాదరస లవణాల ద్రావణం పూసేవారు. పాత నమూనాలను ఒట్టి చేతులతో ముట్టరాదనడానికి అదీ ఒక కారణం. లండన్ శివార్లలోని క్యూ ఉద్యానంలో శిలీంధ్రాల నమూనాలే 12 లక్షలకు పైగా ఉన్నాయి. ఒకే తెగులు నమూనాలను పదుల కొద్దీ సిద్ధం చేసి, పుస్తకాల మాదిరి సంపుటాలుగా కట్టి దేశదేశాల సంస్థలకు పంపే ఆచారం 19వ శతాబ్దంలో ఐరోపాలో ఉండేది. ఒకచోట అగ్నికి ఆహుతైన నమూనాకు జోడీ మరోచోట మిగిలి ఉండటానికి ఆ ఆచారమే కారణం.

ఎండిన ఆకులోని తెగులు మళ్లీ బతికి పైరు మీద పడుతుందా అన్న సందేహం కొందరికి రావచ్చు. 1845 నాటి ఆకులో ఈ జీవి ఎప్పుడో చనిపోయింది. మిగిలింది దాని అవశేషమే.

మతగురువు గారి సూక్ష్మదర్శిని

1845 వేసవిలో బెల్జియం ప్రాంతంలో బంగాళాదుంప ఆకులు నల్లబారుతున్న వార్త వెలువడింది. సెప్టెంబరు నాటికి తెగులు ఐర్లండ్ చేరింది. ఆకు మీద తడిసినట్లున్న గోధుమరంగు మచ్చలు, ఆకు అడుగున తెల్లని నూగు, ఆపై నాలుగైదు రోజుల్లో చేనంతా నలుపు. భూమిలోని దుంప కూడా కుళ్లిపోయింది. ఐర్లండ్ పేద రైతుకు ఏడాది పొడవునా తిండి బంగాళాదుంపే. అందులోనూ లంపర్ అనే ఒకే రకాన్ని ఎక్కువగా నాటేవారు. దుంపను కోసి నాటడమే గాని విత్తనం వేయడం లేదు కాబట్టి దేశమంతటా ఉన్నది ఒకే మొక్క నకళ్లు అనవచ్చు. ఒకదానికి వచ్చిన తెగులు అన్నిటికీ వచ్చింది.

కారణమేమిటన్న దానిపై పండితుల నడుమ పెద్ద వాదమే నడిచింది. అతివృష్టి వల్ల మొక్క నీరు పట్టి కుళ్లిందని, ఆకు మీది బూజు కుళ్లిన తర్వాత వచ్చి చేరినదేనని నాటి ప్రముఖ వృక్షశాస్త్రజ్ఞుడు జాన్ లిండ్లీ పట్టుబట్టారు. ఆయన తోటల పత్రికకు సంపాదకుడు కూడా కావడంతో ఆ మాటకు విలువ ఎక్కువ. పారిస్‌లో కమీల్ మాంటాన్ ఆ బూజును పరిశీలించి బొట్రైటిస్ ఇన్ఫెస్టాన్స్ అని పేరుపెట్టారు. ఇంగ్లండ్‌లో మైల్స్ జోసెఫ్ బర్క్‌లీ అనే గ్రామీణ చర్చి మతగురువు సూక్ష్మదర్శిని కింద ఆకులను పరీక్షించి, బూజు తెగులుకు ఫలితం కాదని, అదే కారణమని 1846లో ప్రకటించారు. జబ్బులకు సూక్ష్మజీవులు కారణమన్న సిద్ధాంతం ఇంకా స్థిరపడని రోజులవి. బర్క్‌లీ మాటను నవ్వి వదిలేసినవారే ఎక్కువ. 1861లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద సిద్ధబీజాలు చల్లి, తెగులు రప్పించి చూపించాక గాని వాదం ముగియలేదు. 1876లో డి బారీయే దీనిని కొత్త ప్రజాతిగా గుర్తించి ఫైటోఫ్తొరా అన్నారు. గ్రీకు భాషలో మొక్కలను నాశనం చేసేదని దాని అర్థం.

మాంటాన్, బర్క్‌లీ వంటి వారు ఆకులను పరీక్షించి పారవేయలేదు. ఎండబెట్టి, పొట్లాలు కట్టి దాచారు. బర్క్‌లీ జీవితకాలపు సేకరణ అంతా 1879లో క్యూ ఉద్యానానికి చేరింది. ఆ ఆకులు ఏనాటికైనా దేనికి పనికివస్తాయో వారికి తెలియదు. డీఎన్‌ఏ అన్న మాటే అప్పటికి లోకానికి పరిచయం లేదు.

ఇక్కడ ఒక వివరణ అవసరం. ఫైటోఫ్తొరాను చాలాకాలం శిలీంధ్రంగానే పరిగణించారు. దీని సిద్ధబీజాలు నీటిలో తోకలతో ఈదుతాయి; కణకవచం శిలీంధ్రాల మాదిరిగా కైటిన్‌తో గాక ప్రధానంగా సెల్యులోజ్ వంటి పదార్థంతో ఏర్పడుతుంది. అందుచేత దీనిని ఇప్పుడు గోధుమరంగు సముద్ర నాచుల బంధువర్గంలో చేర్చి నీటి బూజు అంటున్నారు. వర్గం మారినా పొట్లాలు మాత్రం శిలీంధ్రాల బీరువాల్లోనే ఉన్నాయి. పేరు పెట్టేవారు మారతారు, పేరూ మారుతుంది, ఆకు మారదు. హెర్బేరియం విలువ అక్కడే ఉంది.

తారుమారైన అభియోగం

20వ శతాబ్దపు చివరి దశకాల్లో ప్రపంచమంతటా బంగాళాదుంప చేలలో తెగులు నమూనాలు సేకరించి పరీక్షించగా, చాలా దేశాల్లో ఒకే వంశం కనిపించింది. దానికి యూఎస్-1 అని సంకేత నామం. ఇంత విస్తారంగా వ్యాపించిన పాత వంశం ఇదే గనుక ఐర్లండ్ కరవుకూ ఇదే కారణమై ఉంటుందని 1994లో అమెరికా శాస్త్రజ్ఞులు ఊహించారు. ఊహ సబబుగానే ఉంది. పాఠ్యగ్రంథాల్లోకీ ఎక్కింది. అయితే దానికి ఆధారం నేటి చేలలోని తెగులే గాని నాటి తెగులు కాదు.

నాటి తెగులునే అడిగి చూద్దామని నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన జీన్ రిస్టైనో బృందం సంకల్పించింది. హెర్బేరియాల నుంచి 28 పాత నమూనాలను తీసుకుని, ఆకు తునకల నుంచి డీఎన్‌ఏను వేరుచేసింది. ఫలితాలు 2001లో నేచర్ పత్రికలో వెలువడ్డాయి. యూఎస్-1 వంశానికి గుర్తుగా నిలిచే జన్యు లక్షణం ఆ ఆకుల్లో కనిపించలేదు. అభియోగం మోపినవాడు ఆ రోజున ఆ ఊళ్లోనే లేడని సాక్షి చెప్పినట్లయింది.

అప్పటి సాంకేతికతతో డీఎన్‌ఏలో కొద్ది భాగాన్నే చదవగలిగారు. 2013లో జర్మనీలోని ట్యూబింగెన్, ఇంగ్లండ్‌లోని నారిచ్ పరిశోధకులు చేతులు కలిపి మరింత ముందుకు వెళ్లారు. క్యూ ఉద్యానం, మ్యూనిక్ హెర్బేరియంల నుంచి 1845 మొదలు 1896 వరకు ఐర్లండ్, బ్రిటన్, ఐరోపా, ఉత్తర అమెరికాల్లో సేకరించిన 11 నమూనాలు ఎంచుకున్నారు. నూటయాభై ఏళ్ల ఆకులో డీఎన్‌ఏ పొడవాటి దారంగా ఉండదు. చిన్నచిన్న తునకలుగా తెగిపోతుంది. చిరిగిన పాత దస్తావేజు ముక్కలను ఏరి, అక్షరాలు కలుపుకుంటూ చదివినట్లుగా ఆ తునకలను కంప్యూటర్‌లో పేర్చాలి. పైగా ఆకులోని డీఎన్‌ఏలో బంగాళాదుంపది కొంత, తెగులుది కొంత, తర్వాత చేరిన బాక్టీరియాది కొంత ఉంటుంది. పరిశోధకుల చేతుల నుంచీ, గాలి నుంచీ కొత్త డీఎన్‌ఏ కలవకుండా ప్రత్యేక గదుల్లో, ముసుగులు ధరించి పనిచేయాలి. పాతబడిన డీఎన్‌ఏ తునకల కొసల్లో కొన్ని అక్షరాలు ఒక నిర్దిష్ట రీతిలో చెడిపోతాయి. ఆ చెడిన తీరే అది నిజంగా పాతదనడానికి రుజువు. నకిలీ నోటుకు, అసలు నోటుకు తేడా పట్టించే గుర్తు వంటిదన్నమాట.

కరవు కాలపు తెగులు యూఎస్-1 కాదని, దానికి దగ్గరి బంధువే గాని వేరే వంశమని ఈ పరిశోధన తేల్చింది. హెర్బేరియం పేరు మీదుగా దానికి హెర్బ్-1 అని పేరుపెట్టారు. 19వ శతాబ్దంలో ఐరోపా, ఉత్తర అమెరికాల్లో సేకరించిన ఆ ఆకులన్నిటిలో ఉన్నది ఈ వంశమే. అదే ఏడాది మరో బృందం వేరే నమూనాలతో చేసిన జన్యు విశ్లేషణ కూడా కరవు వంశం నేటి వంశాలకు భిన్నమైనదనే చెప్పింది. 2021లో రిస్టైనో బృందం 140 నమూనాలను వేరే పద్ధతిలో పరీక్షించింది. కరవు కాలపు వంశానికి ఆ బృందం పెట్టుకున్న పేరు ఫ్యామ్-1. వాటిలో అత్యధిక భాగం దానివే. ఆ వంశం వలస పాలనా కాలపు వర్తక మార్గాల వెంట ఆసియా, ఆఫ్రికా ఖండాలకూ పాకినట్లు ఆ ఆకుల మీది తేదీలు, ఊళ్ల పేర్లు పట్టిచ్చాయి. మన దేశంలో ఈ తెగులు 1870, 1880ల మధ్య నీలగిరుల్లో, 1883లో డార్జిలింగ్‌లో కనిపించినట్లు నమోదై ఉంది. విత్తన దుంపలతో పాటు ఓడ దిగిన అతిథి అది.

తెగులు పుట్టిల్లు మెక్సికోయా, దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలా అన్న వివాదం మాత్రం తెగలేదు. రెండు పక్షాలకూ గట్టి ఆధారాలున్నాయి.

రైతుకేమి లాభం

చనిపోయిన తెగులు కులగోత్రాలు తెలుసుకుని ఒరిగేదేమిటని అడిగేవారుంటారు. అడగదగిన ప్రశ్నే. తెగులు వంశం మారిందంటే నిన్నటిదాకా తట్టుకున్న వంగడం రేపు తట్టుకోకపోవచ్చు, నిన్న పనిచేసిన మందు రేపు పనిచేయకపోవచ్చు. 20వ శతాబ్దం ఆరంభంలో మెక్సికో అడవి బంగాళాదుంప జాతి నుంచి తెగులును తట్టుకునే జన్యువులను తీసుకుని కొత్త వంగడాలు రూపొందించారు. పాత వంశం వాటి ముందు నిలువలేక తెరమరుగై, యూఎస్-1 దాని స్థానాన్ని ఆక్రమించి ఉంటుందని 2013 నాటి పరిశోధకుల భావన. మనిషి ఎత్తు వేస్తే తెగులు పైఎత్తు వేయడమన్నది ఎన్నేళ్లలో, ఏ జన్యువుల మార్పుతో జరిగిందో చూపగల సాక్ష్యం తేదీ వేసిన ఎండుటాకులకు తప్ప వేరెక్కడా లేదు.

దక్షిణ భారతంలో ఇటువంటి మార్పు మన కళ్ల ముందే జరిగింది. 2009, 2010 సంవత్సరాల్లో బంగాళాదుంప, టమోటా చేలను లేట్ బ్లైట్ తెగులు తీవ్రంగా దెబ్బతీసింది. నమూనాలు పరీక్షించగా పాత యూఎస్-1ను తోసిరాజని, ఐరోపాలో అప్పటికే పాతుకుపోయిన 13-ఎ2 అనే ఉద్ధృత వంశం వచ్చి చేరినట్లు బయటపడింది. టమోటా సైతం ఈ తెగులుకు ఆశ్రయమే. జహీరాబాద్ ఆలుగడ్డ రైతుకూ, మదనపల్లె టమోటా రైతుకూ ఐర్లండ్ తెగులుతో ఉన్న చుట్టరికం ఇది.

ఐర్లండ్ నుంచి గోదావరి తీరానికి

ఇక మన డెల్టా సంగతి. 19వ శతాబ్దం ముగిసే నాటికి గోదావరి లంకల్లో, కాలువ గట్ల మీద తాటిచెట్లు మొవ్వు కుళ్లి మోడులు కావడం మొదలైంది. కల్లు, బెల్లం, ముంజెలు, దూలాలు, ఇంటికప్పుకు కమ్మలు... తాటిచెట్టు పోతే పేదవాడి ఇంట్లో ఏమేమి పోతాయో ఇక్కడివారికి వివరించనక్కరలేదు. గీత వృత్తినే నమ్ముకున్న కుటుంబాలకు అది పిడుగుపాటే. దీనిని పరిశోధించడానికి వచ్చిన వ్యక్తి ఎడ్విన్ జాన్ బట్లర్. ఆయన 1874లో ఐర్లండ్‌లోని క్లేర్ కౌంటీలో జన్మించారు. కరవు వల్ల తీవ్రంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో అదొకటి. వైద్యవిద్య చదివి, మనుషుల వైద్యం మాని మొక్కల వైద్యం పట్టిన బట్లర్, బీహార్‌లోని పూసా వ్యవసాయ పరిశోధన సంస్థలో శిలీంధ్ర శాస్త్రజ్ఞుడిగా పనిచేశారు. మన దేశంలో తెగుళ్ల శాస్త్రానికి పునాది వేసినవారిగా ఆయనకు పేరుంది.

తాటి మొవ్వుల్లోని బూజును బట్లర్ 1907లో పిథియం పాల్మివొరం అని నామకరణం చేశారు. పన్నెండేళ్ల తర్వాత 1919లో తన మాట తానే సవరించుకుని దానిని ఫైటోఫ్తొరా ప్రజాతిలోకి మార్చారు. ఈదే సిద్ధబీజాలు తిత్తిలోపలే తయారై బయటకు వస్తే ఫైటోఫ్తొరా, తిత్తి నుంచి వెలుపలికి వచ్చిన బుడగలో తయారైతే పిథియం. అంత సూక్ష్మమైన తేడా అది. తన దేశాన్ని కరవు పాలుచేసిన తెగులు కుటుంబంలోకే గోదావరి తాటి తెగులునూ ఆయన చేర్చవలసి వచ్చింది.

నివారణకు నాటి మద్రాసు ప్రభుత్వం పట్టిన మార్గం కఠినమైనది. తెగులు సోకిన చెట్ల తలలు నరికించి, కాల్పించేవారు. నేటికీ కొబ్బరిలో మొవ్వుకుళ్లు ముదిరితే చెట్టును తీసి కాల్చమనే శాస్త్రజ్ఞులు చెబుతారు. తొలిదశలోనే గుర్తిస్తే కుళ్లిన భాగాన్ని చెక్కివేసి బోర్డో పేస్టు పూయాలి. చుట్టుపక్కల చెట్ల మొవ్వులు తడిసేలా 1 శాతం బోర్డో మిశ్రమం పిచికారీ చేయాలి. ఇదే జీవి కోకోలో కాయకుళ్లు తెగులుకూ కారణం. కొబ్బరిలో కోకో అంతరపంటగా వేసిన తోటల్లో రెండింటినీ ఒక కంట కనిపెట్టాలి.

బట్లర్ పూసాలో 1905లో నెలకొల్పిన శిలీంధ్రాల హెర్బేరియం, 1934 నాటి బీహార్ భూకంపంలో సంస్థ భవనాలు దెబ్బతిన్న తర్వాత సంస్థతో పాటే ఢిల్లీకి తరలివెళ్లింది. అది ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థలో భాగం. ఉపఖండం నలుమూలల నుంచి సేకరించిన తెగుళ్ల పొట్లాలు వేలాదిగా అక్కడున్నాయి. బట్లర్ 1920లో క్యూలో ఏర్పడిన శిలీంధ్ర శాస్త్ర సంస్థకు తొలి సంచాలకుడయ్యారు.

కాలితే తిరిగిరావు

ఈ భాండాగారాలకు ముప్పు లేకపోలేదు. 1943 మార్చిలో బెర్లిన్ నగరంపై బాంబుల వర్షం కురిసినప్పుడు అక్కడి హెర్బేరియంలో అత్యధిక భాగం కాలిపోయింది. యుద్ధమే జరగనక్కరలేదు. 2017లో పారిస్ నుంచి ఆస్ట్రేలియాకు పరిశీలన కోసం పంపిన 19వ శతాబ్దపు మొక్కల నమూనాలను, వెంట వచ్చిన కాగితాలు సరిగా లేవన్న కారణంతో అక్కడి క్వారంటైన్ సిబ్బంది దహనం చేశారు. జీవభద్రత నిబంధనలు అవసరమైనవే. కానీ జాబు రాసి సంజాయిషీ అడిగి, జవాబు సరిగా చేరకముందే తగలబెట్టడం మాత్రం మన కార్యాలయాలను తలపించింది.

అంతకంటే నిశ్శబ్దమైన నష్టం చీటీ పోవడం. ఏ ఊరిదో, ఏనాటిదో తెలియని ఆకు ఎంత భద్రంగా ఉన్నా చెత్తతో సమానం. వర్షాకాలంలో చెమ్మ తగిలినా, ఎర్రపురుగు పట్టినా ముందు పోయేది ఆకే. కానీ అలసత్వం వల్ల ముందు పోయేది చీటీ.

పరిశోధనకూ కొంత నష్టం తప్పదు. డీఎన్‌ఏ తీయాలంటే ఆకులో కొంత భాగాన్ని నూరివేయాలి. నూరిన ముక్క మళ్లీ రాదు. అందుకే పరిశోధకుడు ఎందుకోసం అడుగుతున్నదీ, ఎంత కావాలన్నదీ విచారించి, గోటి అంచంత తునక మాత్రమే కోయనిస్తారు. రేపు మరింత మెరుగైన పద్ధతి వచ్చినప్పుడు అడిగేవారికీ ఆకు మిగలాలి. కోసిన తేదీ, కోసినవారి పేరు, ఏ పరీక్ష కోసమన్నదీ మరో చిన్న చీటీ మీద రాసి పాత చీటీ పక్కనే అతికిస్తారు. కరవు కాలపు ఆకుల్లో కొన్నిటి మీద 19వ శతాబ్దపు కలం రాతకు పక్కనే ఈ శతాబ్దపు ప్రయోగశాల చీటీ కనిపించేది అందువల్లనే.